ఊరు లేని చోట కూడా చరిత్ర ఉంది, దాన్ని కాపాడాలి

జర్మనీ వెళ్ళిన మన పిల్లలు ఇంటికి పంపే ఫోటోల్లో నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట దాదాపు గ్యారంటీగా ఉంటుంది. చూడాల్సిందే, అందమైన కోట, కాదనం. కానీ అది మొదలుపెట్టింది 1869లో, మన దగ్గర రైళ్ళు తిరగడం మొదలైన తర్వాత. అసలైన మధ్యయుగం ఆ దేశంలో చాలావరకు నేల కింద ఉంది. విల్‌హెల్మ్ ఆబెల్ అనే వ్యవసాయ చరిత్రకారుడు 1943లో అచ్చువేసిన లెక్క ప్రకారం 1300 ప్రాంతంలో జర్మన్ నేల మీద సుమారు 1,70,000 ఊళ్ళూ పల్లెలూ ఉంటే, రెండొందల ఏళ్ళ తర్వాత 1,30,000 మిగిలాయి. అంటే నలభై వేల ఊళ్ళు పోయాయి, ప్రతి నాలుగింటిలో ఒకటి. అక్కడివాళ్ళు వీటిని వూస్టుంగ్ అంటారు, మన రెవెన్యూ రికార్డుల్లో జనం లేని ఊరిని బేచిరాక్ గ్రామం అని రాస్తారు చూడండి, అదే. ఈ ఊళ్ళకి గేటు లేదు టికెట్ లేదు గైడు లేడు, అందుకే ఎవరికీ పట్టవు, అందుకే ఇవాళ మేం వీటి గురించి రాస్తున్నాం.

అడవిలో అలాంటి ఊరు ఎలా ఉంటుందో ముందు చెప్పుకుందాం. వేజర్ నది పక్కన జోల్లింగ్ కొండల్లో నడుస్తుంటే చెట్ల కింద నేల ఒక్కసారిగా పొడుగ్గా, వరసగా, గట్లు గట్లుగా కనిపిస్తుంది. అవి ప్రకృతి చేసినవి కావు, ఆరేడు వందల ఏళ్ళ కిందటి దుక్కి. అప్పటి బరువు నాగలి మట్టిని ఒక పక్కకే తిరగేసేది, అదే మడిని ఏటా అదే పద్ధతిలో చుట్టూ తిరుగుతూ దున్నితే మట్టి మధ్యకి చేరి మెల్లగా మిట్ట అయ్యేది. ఊరు ఖాళీ అయ్యాక అడవి కమ్మేసింది, మళ్ళీ ఎవరూ దున్నలేదు కాబట్టి ఆ మిట్టలు అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి చెట్లన్నీ తీసేసినట్టు నేల ఒక్కటే చూపించే టెక్నాలజీ వచ్చాక, ఎప్పుడూ ఎవరూ గమనించని పొలాలు, దారులు కంప్యూటర్ మీద బయటపడుతున్నాయి. అదే జోల్లింగ్‌లో విన్నెఫెల్డ్ అనే ఊరు ఉండేది, ఇవాళ దాంట్లో చూడటానికి మిగిలింది చర్చి గోడల మొదళ్ళు. ఇళ్ళు పోయాయి, రాతి చర్చి కాబట్టి ఆ మాత్రం నిలబడింది. గోటింగెన్‌లో చదువుకునే మన పిల్లలకి అది పెద్ద దూరం కూడా కాదు, ఒక ఆదివారం వెళ్ళి చూస్తే బాగుంటుంది.

ఇలాంటి ఊళ్ళని శాస్త్రీయంగా తవ్వడం అక్కడ కూడా చాలా లేటుగా మొదలైంది. సమాధులు తవ్వారు, కోటలు తవ్వారు, రోమన్ల శిబిరాలు తవ్వారు, రైతు ఇంట్లో ఏముంటుందిలే అని వదిలేశారు. 1935 నుంచి 37 దాకా హార్ట్స్ కొండల దక్షిణం వైపు జాంగెర్‌హౌజెన్ దగ్గర హోహెన్‌రోడె అనే పాడుబడ్డ ఊరిని పౌల్ గ్రిమ్ తవ్వాడు, ఒక మూల గొయ్యి తీసి వదిలెయ్యకుండా ఊరిని ఊరిగా తవ్వాడు, ఇళ్ళూ దొడ్లూ అన్నీ కలిపి. కింద పాత ఊరు, దాని మీద తర్వాతి ఊరు దొరికాయి. 14వ శతాబ్దంలో అది ఖాళీ అయిపోయింది. తర్వాత 1960ల్లో హార్ట్స్ పడమర వైపు బార్బిస్ దగ్గర కోనిగ్స్‌హాగెన్‌ని వాల్టర్ యాన్సెన్ తవ్వాడు.

ఈ తవ్వకాలు చెప్పిన ఒక ముఖ్యమైన సంగతి ఏంటంటే, మనం అనుకున్నట్టు ఊరు అనేది ఆదినుంచీ ఒకేచోట ఉండేది కాదు. ముందు కాలంలో ఇంటి గుంజలు నేరుగా మట్టిలో పాతేవాళ్ళు, అవి పాతిక ముప్ఫై ఏళ్ళకి కుళ్ళిపోయేవి, అప్పుడు పక్కన ఇంకో ఇల్లు కట్టుకునేవాళ్ళు, అలా ఇళ్ళు మెల్లగా జరుగుతూ పోయేవి. 12, 13 శతాబ్దాల్లో రాతి పునాది మీద కలప దూలం పరిచి దాని మీద ఇల్లు లేపడం ఎక్కువైంది, పక్కన రాతి చర్చి వచ్చింది, అప్పుడు ఊరు ఒకచోట స్థిరపడింది. అలా స్థిరపడిన కొద్ది తరాలకే వేల ఊళ్ళు పోవడం మాకు చాలా బాధ కలిగించే విషయం.

ఇంకోటి. జనం తీరిగ్గా వెళ్ళిపోయిన ఊళ్ళో తవ్వితే దాదాపు ఏమీ దొరకదు. ఇనుము పట్టుకెళ్తారు, మంచి కుండలు పట్టుకెళ్తారు, దూలాలు కూడా ఊడదీసుకుని బండికెక్కిస్తారు, మిగిలేది పగిలిన పెంకులు. తగలబడిన ఊళ్ళో అయితే అన్నీ ఎక్కడివక్కడ దొరుకుతాయి. కోనిగ్స్‌హాగెన్ 15వ శతాబ్దం మొదట్లో తగలబడి ముగిసింది, హోహెన్‌రోడె లాంటివి ఖాళీ అయి ముగిశాయి. పెంకులు తప్ప ఏం లేవని మ్యూజియంలు చిన్నచూపు చూస్తాయి గానీ ఆ ఏమీ లేకపోవడమే పెద్ద సాక్ష్యం, వాళ్ళు భయపడి పారిపోలేదు, ఆలోచించుకుని వెళ్ళారు.

ఎందుకు వెళ్ళారు? చాలా జర్మన్ పల్లెల్లో ఇప్పటికీ పెద్దవాళ్ళని అడిగితే స్వీడన్ సైన్యం తగలబెట్టింది అంటారు, అంటే 1618 నుంచి 1648 దాకా జరిగిన ముప్ఫై ఏళ్ళ యుద్ధం. ఆ యుద్ధం ఘోరమైనదే, సందేహం లేదు, కానీ తవ్వి చూస్తే ఎక్కువ ఊళ్ళలో కుండ పెంకులు 14, 15 శతాబ్దాల దగ్గరే ఆగిపోతున్నాయి, అంటే స్వీడన్ వాళ్ళు రావడానికి రెండొందల ఏళ్ళ ముందే అక్కడ పొయ్యి వెలగడం మానేసింది. అసలు జరిగింది చాలా మెల్లగా జరిగింది. 1315 నుంచి 1317 దాకా ఆగని వానలు, పంట కుళ్ళిపోవడం, ఉత్తర యూరప్ అంతా కరువు. 1342 జులైలో మగ్దలేనా పండగ రోజుల్లో వచ్చిన వరద రైన్, మైన్, వేజర్, ఎల్బే నదుల్ని ఊళ్ళ మీదకి తోసింది, కొండవాలు మీద అడవి నరికి చేసిన పొలాల్లో మట్టి ఒక్క వానకే కొట్టుకుపోయి లోతైన గండ్లు పడ్డాయి, వెయ్యేళ్ళ మట్టికోతలో ఎంతో పెద్ద భాగం ఆ కొద్ది దశాబ్దాల్లోనే జరిగిందని హాన్స్ రుడాల్ఫ్ బోర్క్ లాంటి శాస్త్రవేత్తలు పొలాల్లో గోతులు తీసి చూపించారు. ఆ మీద 1349, 50ల్లో ప్లేగు.

అయితే ప్లేగు వచ్చి ఊరంతా చచ్చిపోయింది, కథ అయిపోయింది అనుకుంటే అదీ పూర్తి నిజం కాదు. జనం తగ్గారు కాబట్టి తినేవాళ్ళు తగ్గారు, ధాన్యం రేటు పడిపోయింది, అదే టైంలో పనిచేసే చేతులు తక్కువై కూలి రేట్లు, టౌన్లో చేసే వస్తువుల రేట్లు పెరిగాయి. రైతు అమ్మేది చవక, కొనేది ప్రియం. ఈ కత్తెర మధ్య చిక్కుకున్న కొండపొలం రైతు ఏం చేస్తాడు, పల్లంలో మంచి భూమి ఖాళీగా ఉందని తెలిస్తే అక్కడికి పోతాడు, లేదంటే టౌనుకి పోతాడు. చాలా నగరాల్లో ఒక ఏడాది మీద ఒక రోజు ఉండగలిగితే దొర పట్టు నుంచి విడుదల దొరికేది కూడా. హెస్సె, తురింగియా కొండల్లో, బ్రాండెన్‌బుర్గ్ ఇసుక నేలల్లో నాలుగోవంతు కంటే చాలా ఎక్కువ ఊళ్ళు పోయాయి, రైన్ దిగువన మంచి భూములున్న చోట తక్కువ పోయాయి. చాలాచోట్ల మనుషులు పక్క ఊరికి మారి, పాత ఊరి పొలాల్ని అక్కడినుంచే వచ్చి దున్నుకున్నారు, దొరల రిజిస్టర్లలో ఊరు పాడు అని రాసి దాని కిందే శిస్తు కూడా రాసుకున్నారు.

మా అభిప్రాయం ఇది. ఊరు పోయిందంటే ఒక దుర్మార్గుడినో ఒక రోగాన్నో వేలెత్తి చూపించి ఊరుకోవడం సులువు. రేట్లు, అప్పు, మట్టికోత, పక్కూళ్ళో దొరికే కాస్త మంచి బతుకు, ఇవన్నీ కలిసి ఒక తరంలోనో రెండు తరాల్లోనో ఊరిని ఖాళీ చేస్తాయి, ఆ కథ రాజుల శాసనాల్లో రాదు, మట్టిలో మాత్రమే ఉంటుంది. అందుకే ఆ మట్టిని కాపాడమంటున్నాం.

మట్టి అంటే నిజంగా మట్టే. మనుషులు, పశువులు ఉన్నచోట పేడ, మూత్రం, బూడిద, ఎముకల నుంచి ఫాస్ఫేట్ నేలలో చేరుతుంది, అది వందల ఏళ్ళయినా సులువుగా కొట్టుకుపోదు. 1930ల చివర్లో వాల్టర్ లోర్ష్ పొలాల్లో వరసగా మట్టి శాంపిళ్ళు తీసి ఫాస్ఫేట్ కొలిచి, పైన ఏమీ కనిపించని పాత ఊళ్ళ జాడ పట్టే పద్ధతి తయారుచేశాడు. మన రైతుకి ఇది కొత్త విషయం కాదు. పాత ఊరు ఉండి పోయిన పాటిదిబ్బ మన్ను బలమైనదని తెలిసే కదా తరతరాలుగా బండ్లతో తోలుకుని చేలో చల్లుకున్నారు. బండి ఉన్నంతకాలం దిబ్బ కొంచెం కొంచెంగా తరిగింది, ఇప్పుడు జేసీబీ, టిప్పరు వచ్చాక ఒక్క వేసవిలో దిబ్బ మొత్తం పోతోంది.

జర్మనీలో అంతా బాగుందని కాదు. అక్కడ పురావస్తు చట్టం రాష్ట్రాల చేతిలో ఉంది, పదహారు రాష్ట్రాలకి పదహారు చట్టాలు. మెటల్ డిటెక్టర్ పట్టుకుని రాత్రిళ్ళు తవ్వుకుపోయేవాళ్ళ బెడద పెద్దది, సూర్యుడు, చంద్రుడు, చుక్కల బొమ్మలున్న ప్రాచీన కంచు పలక, ప్రపంచమంతా తెలిసిన నెబ్రా ఆకాశ ఫలకం కూడా 1999లో అలా దొంగతనంగా తవ్విందే, పోలీసులు 2002లో స్విట్జర్లాండ్‌లో పట్టుకున్నారు కాబట్టి దక్కింది. మామూలు పల్లె నుంచి ఒక కొడవలో ఒక నాణెమో పోతే ఏ పోలీసూ వెతకడు. నేలలో దొరికే ప్రాచీన వస్తువు ప్రభుత్వానిదే అనే నిబంధన బవేరియాలో 2023 జులైలో గానీ రాలేదు. ఇక 2018 కరువు నుంచి హార్ట్స్‌లో స్ప్రూస్ చెట్లు పురుగు పట్టి ఎండిపోతుంటే వాటిని తీయడానికి భారీ యంత్రాలు అడవిలోకి దిగుతున్నాయి, ఆరొందల ఏళ్ళు నిలిచిన దుక్కి గట్టుకి ఆ చక్రం కింద ఒక్క నిమిషం చాలు. అటవీ శాఖకి మ్యాపు ముందే ఇచ్చి ఫలానా చోట యంత్రం తిప్పొద్దు అని చెప్తే ఆగిపోయే నష్టం ఇది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఊళ్ళు పోవడం అక్కడ మధ్యయుగంతో ఆగలేదు కూడా. రైన్‌లాండ్‌లో గార్జ్‌వైలర్ బొగ్గు గని కోసం ఊళ్ళకి ఊళ్ళు లేపేశారు, 2018 జనవరిలో ఇమ్మెరాత్ చర్చి కూల్చారు, 2023 జనవరిలో ల్యూట్సెరాత్ ఖాళీ చేయించారు. గని యంత్రం కంటే ముందు పురావస్తువాళ్ళు వెళ్ళి పాత ఊళ్ళ ఆనవాళ్ళు నమోదు చేస్తున్నారు, అది మాత్రం మెచ్చుకోవాలి. మన శ్రీశైలం ముంపులో కూడలి సంగమేశ్వరాన్ని రాయి రాయి విప్పి అలంపురం చేర్చాం, గర్వపడాల్సిన పనే. కానీ గుడి చుట్టూ మునిగిన ఇళ్ళు, బావులు, కుండల బట్టీలు, పశువుల దొడ్లు ఎలా ఉండేవో అంత శ్రద్ధగా రాసి పెట్టుకోవాలన్న ఆలోచన మనకి రాలేదు.

రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు శాఖల్నీ మేం కోరేది పెద్దదేం కాదు. బేచిరాక్ గ్రామాల లిస్టు రెవెన్యూ దగ్గర ఇప్పటికే ఉంది. దాన్ని తీసుకుని, అందులో పాటిదిబ్బ ఎక్కడ మిగిలిందో ఊరి రెవెన్యూ సిబ్బందితో సర్వే నంబరు వారీగా గుర్తింపించండి, ఆ నంబర్లలో మట్టి తవ్వకానికి పర్మిట్ ఇచ్చే ముందు పురావస్తు శాఖ ఎన్‌ఓసీ తప్పనిసరి చేయండి. అన్నీ తవ్వమని అడగట్లేదు, తవ్వకం కూడా ఒక రకంగా చెరపడమే, ఒకసారి తవ్విన పొర మళ్ళీ రాదు. లిస్టు, మ్యాపు, ఎన్‌ఓసీ, ఈ మూడూ వచ్చే వేసవి టిప్పర్ల సీజన్ లోపు రావాలి.