సవరణ: ఆటోమేటిక్ కాన్ఫిగరేషన్ టూల్స్ గురించి నేను రాసిన దాంట్లో తప్పులు

లినక్స్ కొత్తగా నేర్చుకునేవాళ్లు సెట్టింగ్స్ టూల్స్ జోలికే పోకూడదనీ, సిస్టమ్ సెట్టింగ్స్ ఉండే ఈటీసీ (/etc) డైరెక్టరీలోని ఫైళ్లను చేత్తోనే మార్చుకోవాలనీ మొన్న గట్టిగా రాశాను. అది సగమే నిజం. పైగా నేనిచ్చిన ఉదాహరణే తప్పు.

డీఎన్‌ఎస్ (సైట్ పేర్లకు ఐపీ అడ్రస్‌లు చెప్పే సర్వర్) మార్చడానికి ఈటీసీలోని రిజాల్వ్.కాన్ఫ్ (resolv.conf) ఫైల్ తెరిచి రాసేయమన్నాను. ఇప్పటి ఉబుంటులో మామూలుగా అది అసలు ఫైలే కాదు, సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అనే సర్వీస్ నడిపే మరో ఫైల్‌కి వేసిన లింక్. మీరు రాసింది కాసేపు పనిచేసినట్టే ఉంటుంది, రీబూట్ చేయగానే పోతుంది. దాన్ని మార్చొద్దని ఆ ఫైల్ పైవరసల్లోనే రాసి ఉంది. నేనే చదవలేదు! అక్కడ నెట్‌వర్క్ సెట్టింగ్స్ విండోలో మార్చడమే సరైన దారి.

ఇంకో పొరపాటు: ఆర్చ్ లినక్స్‌ని ఇన్‌స్టాల్ చేసిపెట్టే ఆర్చ్‌ఇన్‌స్టాల్‌ని ఎవరో బయటివాళ్ల స్క్రిప్ట్ అన్నాను. కాదు, 2021 ఏప్రిల్ నుంచి అది ఆర్చ్ అధికారిక ఐఎస్‌ఓలోనే (ఇన్‌స్టాల్ కోసం దించుకునే ఫైల్) వస్తోంది.

చేత్తో మార్చడం నేర్చుకోవాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఏ డిస్క్ ఎక్కడ తెరుచుకోవాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ (fstab) ఫైల్‌లో ఒక్క తప్పు యూయూఐడీ (డిస్క్ భాగానికి ఉండే గుర్తింపు సంఖ్య) పడితే సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు, అక్కడ ఏ విండో తెరుచుకోదు. అందుకే టూల్‌తో మార్చే ముందు ఈటీసీని కాపీ చేసి పెట్టుకోండి. మార్చాక, రెండు కాపీల తేడాలు చూపే డిఫ్ (diff) కమాండ్ కొట్టి ఏ వరస మారిందో చూడండి. నాకు సగం లినక్స్ అలాగే వచ్చింది.

అడ్మిన్ హక్కులు ఎవరికో చెప్పే సుడోయర్స్ (sudoers) ఫైల్‌కి మాత్రం విసుడో (visudo) కమాండే వాడండి. సేవ్ చేసే ముందు అది తప్పులు పట్టుకుంటుంది.