గర్భసంచి తీయిస్తే నిద్ర వస్తుందా?

మా కావలి వీధి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ ఈ వారంలోనే మూడుసార్లు తిరిగింది. పంపిన ముగ్గురూ కావలసినవాళ్లే. అందుకే అక్కడ గమ్మునుండి ఇక్కడ రాస్తున్నా.

మెసేజ్ సారాంశం ఇది: నలభై దాటిన ఆడవాళ్లకు నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం, ఏడుపు రావడం పని లేకనే. మన అమ్మమ్మలకు ఇవేవీ లేవు. ఒళ్లు వేడెక్కేది ఎండలకు. గర్భసంచి తీయించేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి. హార్మోన్ మాత్రలు వాడితే క్యాన్సరే. రాత్రి పాలల్లో జాజికాయ చాలు.

పని లేకనా? కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం వైపు తెల్లారకముందే నాట్లకు దిగే మనిషిని ఆ మాట అడిగి చూడండి. ‘ఏందమ్మే, ఎగతాళా?’ అని చేతిలో నారు మన మొహాన కొడుతుంది. ఇక అమ్మమ్మలంటారా, మా అమ్మమ్మ వాకిట్లో నులక మంచం మీద నడిరాత్రి లేచి కూర్చుని చెంగుతో విసురుకోవడం చిన్నప్పుడు చూశాను. ‘ఆవిర్లు తల్లీ’ అనేది. ఏమైందని ఆమెను ఎవరూ అడగలేదు, నేను కూడా.

ఎండల మాట. రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లాలో అందరికీ చెమటలే, ఒప్పుకుంటా. మరి సంక్రాంతి చలిలో రాత్రి రెండింటికి నా జాకెట్ తడిసి ముద్దయింది ఏ కార్తె వల్ల? మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని సర్దుతుంటుంది. ముట్లు ఆగే వయసు దగ్గరపడి ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గేకొద్దీ అది మరీ తొందరపాటుగా తయారవుతుంది. వేడి కాస్త పెరిగినా ఒళ్లు కాలిపోతోందనుకుని చర్మంలో రక్తనాళాలు తెరిచి చెమట పట్టిస్తుంది. ఒక్కో ఆవిరి ఉండేది ఒకటి నుంచి ఐదు నిమిషాలే, కానీ దానికి లేచినవాళ్లకు మళ్లీ కన్ను మూతపడాలి కదా. ప్రొజెస్టరాన్ అనే మరో హార్మోన్ నుంచి పుట్టి మెదడును జోకొట్టే పదార్థం ఒకటుంది. అండం విడుదల కాని నెలల్లో అదీ తగ్గిపోతుంది.

కోపం, ఏడుపూ ఇక్కడివే. ముట్లు ఆగడానికి ముందు కొన్నేళ్లపాటు ఈస్ట్రోజన్ మెట్లు దిగినట్టు దిగదు. ఒక నెల ఎగిసి, మరో నెల పడిపోతుంది. కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చినవాళ్లకు ఈ ఏళ్లలో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అలాగని అంతా హార్మోన్ల మీదికి నెట్టేయకూడదు. థైరాయిడ్ తేడా, రక్తం తక్కువవడం, గురకపెడుతూ ఊపిరి ఆగి ఆగి రావడం కూడా ఇలాగే అలసట, చిరాకుగా కనిపిస్తాయి. దిగులు రెండు వారాలు దాటితే డాక్టరుకు చెప్పాలి. బతకాలనిపించకపోతే అన్నాళ్లు ఆగకూడదు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

నన్ను భయపెట్టింది మాత్రం గర్భసంచి మాట. నిద్రను, మనసును ఊపే ఈ హార్మోన్లు తయారయ్యేది అండాశయాల్లో. సంచి తీస్తే నెలనెలా రక్తం ఆగుతుంది, అంతే. గడ్డలకో, ఏ మందుకూ ఆగని రక్తస్రావానికో, క్యాన్సర్‌కో తీయడం వేరు. అండాశయాలూ కలిపి తీసేశారా, కొన్నేళ్లు పట్టాల్సిన మార్పు ఒక్కరోజులో మీద పడుతుంది. ఆవిర్లు ఇంకా గట్టిగా వస్తాయి. ఇప్పటికే మన రాష్ట్రం ఇందులో ముందుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9.

మా మేనత్తకు 34 ఏళ్లకే తీసేశారు. నలభై దాటాక నిద్ర కరువైంది, చీటికిమాటికి కంటనీరు. ముట్లు ఎప్పుడో ఆగిపోయాయి కనక ఇది ఆ వయసు అని గుర్తుపట్టే ఆనవాలే లేదు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. అండాశయాలు ఉంచారో తీశారో చూద్దామంటే ఆపరేషన్ కాగితాలు ఇంట్లో ఎక్కడా దొరకలేదు.

హార్మోన్ మాత్రల మాటలో కొంత నిజముంది. అందుకే అది ఇంతగా పాకింది. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనం 2002లో ఒక లెక్క చెప్పింది: ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరాన్ లాంటి మందు) కలిపి వాడినవాళ్లలో ఏడాదికి పదివేల మందికి 8 రొమ్ము క్యాన్సర్లు ఎక్కువ. కానీ అందులో చేరినవాళ్ల సగటు వయసు 63. గర్భసంచి లేనందువల్ల ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. 60 లోపు ఉండి, ముట్లు ఆగి ఇంకా పదేళ్లు నిండకుండా, ఆవిర్లతో అవస్థపడేవాళ్లలో చాలామందికి నష్టం కన్నా లాభమే ఎక్కువని ఇప్పటి వైద్యుల మాట. రొమ్ము క్యాన్సరో, పక్షవాతమో, కాళ్లలో రక్తం గడ్డకట్టడమో వచ్చినవాళ్లకు మామూలుగా ఇవ్వరు, వేరే మందులిస్తారు. మెడికల్ షాపులో మనంతట మనం అడిగి తెచ్చుకునేవి మాత్రం కావు.

జాజికాయ ఎంత వేయాలో మెసేజ్‌లో రాయలేదు. చిటికెడైతే పాలు కమ్మగా ఉంటాయి. చెంచాలకొద్దీ కలిపితే వాంతులు, గుండెదడ, లేనివి కనిపించడం. ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ జాగారమే.