భారం స్వామిదే, పెత్తనం మాదే

"నీ చేతిలో లేనిదాన్ని వదిలెయ్, దేవుడు చూసుకుంటాడు" అని ఈమధ్య ప్రతి వ్యక్తిత్వ వికాస నిపుణుడూ చెప్పేస్తున్నాడు. ఎలా వదలాలి, ఎంత వదలాలి, పొద్దున వదిలినదాన్ని రాత్రికి మళ్ళీ ఎలా ఇంటికి తెచ్చుకోవాలి అన్న సాంకేతిక వివరాలు మాత్రం ఎవరూ చెప్పరు. ఈ విద్యలో తెలుగు మధ్యతరగతిని మించినవారు లేరు కనుక, అమెరికా వీసా అనే ఒక్క కేసును పట్టుకుని ఆ పద్ధతిని ఇక్కడ గ్రంథస్థం చేస్తున్నాం.

భారం వేయడానికి ముహూర్తం అక్కర్లేదు గానీ వరస ఉంది. ముందు కన్సల్టెన్సీ, తర్వాత డల్లాస్‌లో ఉన్న మేనమామ, ఆ తర్వాత మేనమామకు తెలిసిన లాయరు, వాళ్ళందరూ చేతులెత్తేశాక దేవుడు. ఇందులో అపచారం ఏమీ లేదు. గజేంద్రుడంతటివాడు కూడా మొసలితో వెయ్యేళ్ళు సొంతంగా పెనుగులాడాకే పైకి చూశాడు. మనవాళ్ళు మూడు నెలల్లో చూస్తున్నారంటే భక్తి ముదిరినట్టే లెక్క.

ఇక ముడుపు. కొత్త తెల్లగుడ్డను పసుపునీళ్ళలో ముంచి, ఆరబెట్టి, 11 రూపాయలు పెట్టి, కోరిక చెప్పుకుని ముడి వేయాలి. ముడి దగ్గర పొరపాటు జరగదు, కోరిక దగ్గరే జరుగుతుంది. "మావాడికి వీసా రావాలి స్వామీ" అని ఊరుకుంటే, రేపు విజిటర్ వీసా వచ్చినా స్వామి మాట నిలబెట్టుకున్నట్టే. ఏ కేటగిరీ, ఏ కాన్సులేటు, స్టాంపింగు ఎప్పటికల్లా, పిటిషన్ మూడేళ్ళకూ పూర్తిగా మంజూరు కావాలా వద్దా, అన్నీ విడమరచి చెప్పుకోవాలి. చెల్లింపు పని అయ్యాకే. ముడుపులో అడ్వాన్సు పద్ధతి లేదు. పెళ్ళికని కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్న స్వామికి షరతుల సంగతి ఒకరు చెప్పాలా?

ముడుపు ఇంట్లో ఉండగానే చిలుకూరు బాలాజీ గుడికి ప్రయాణం. ఉస్మాన్‌సాగర్ పక్కనున్న ఈ గుడిలో హుండీ లేదు. మొదటిసారి వెళ్ళినవాళ్ళు దీనికి కాస్త ఖంగు తింటారు. చేయి తడిపే మార్గం లేనిచోట పని ఎలా అవుతుందో అర్థం కాదు. ఇక్కడ చలామణీ అయ్యేది ప్రదక్షిణలే. కోరుకున్నప్పుడు 11, కోరిక తీరాక 108. లెక్క తప్పకుండా 1 నుంచి 108 దాకా అంకెలున్న కార్డు పట్టుకుని, చుట్టుకొకటి చొప్పున కొట్టేసుకుంటూ తిరగాలి. సరిగ్గా సగంలో ఫోన్ మోగుతుంది. మాట్లాడటం అయ్యేసరికి టిక్కు పెట్టామా లేదా అని అనుమానం. అనుమానం వస్తే తక్కువ అంకెనే లెక్కలోకి తీసుకోవాలన్నది ధర్మం. ఎక్కువది తీసుకోవడం ఆచారం. అసలు సమస్య ఇంకోటి ఉంది. వీసా వచ్చిన కుర్రాడు వారంలో విమానం ఎక్కేస్తాడు. బాకీపడ్డ 108 మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రుల ఖాతాలో పడతాయి. స్వామి ఇంతవరకూ పవర్ ఆఫ్ అటార్నీ అడగలేదు.

ఇప్పుడు హెచ్-1బి, అంటే అమెరికా ఉద్యోగ వీసా, లాటరీ. ఏటా 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు మరో 20,000. కంప్యూటరు చీటీలు తీస్తుంది. దైవాధీనం అనడానికి ఇంతకన్నా శుద్ధమైన సందర్భం దొరకదు. అందుకే రిజిస్ట్రేషన్ రుసుము 10 డాలర్లున్న రోజుల్లో, కొందరు ఒకే కుర్రాడి పేరు నాలుగు కంపెనీల చేత వేయించి, మిగతాది దేవుడికి వదిలేశారు. 2023 మార్చిలో వచ్చిన రిజిస్ట్రేషన్లు 7,80,884. అర్హమైనవాటిలో సగానికి పైగా, ఒకటికి మించి రిజిస్ట్రేషన్లున్నవాళ్ళవే. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వం, ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒకటే చీటీ అంది. 2025లో రుసుము 215 డాలర్లు చేసింది. అలా విశ్వాసం ఒక్కసారిగా దిక్కులేనిదైపోయి, దేవుడొక్కడే మిగిలాడు. 2026 నుంచి జీతం లెవెల్‌ను బట్టి చీటీలు: అన్నిటికన్నా పైదైన నాలుగో లెవెల్‌కు నాలుగు, ఒకటో లెవెల్‌కు ఒకటి. కాబట్టి ముడుపు వీసాకు కట్టే ముందు జీతం పెంపుకు కట్టండి.

ఇదంతా శరణాగతేనా అని శాస్త్రం తెలిసినవాళ్ళు సణుగుతారు. వైష్ణవాచార్యులు శరణాగతికి ఆరు అంగాలు చెప్పారు. భగవంతుడికి ఇష్టమైనది చేస్తాననుకోవడం, ఇష్టంలేనిది మానేయడం మొదటి రెండు. ఈ రెండింటినీ మనం రిటైరయ్యాక చూసుకుంటాం. మూడోది ఆయన తప్పక రక్షిస్తాడన్న మహావిశ్వాసం. ఇది మనకు పుష్కలం. ఆస్ట్రేలియా పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) కూడా ఓ దరఖాస్తు పడేసి ఉండటం ముందుచూపే తప్ప అవిశ్వాసం కాదు. నాలుగోది "నువ్వే కాపాడాలి" అని నోరు తెరిచి అడగడం. ఇందులో మనకు నూటికి నూరు, నిజానికి మిగతా అయిదింటి మార్కులూ దీన్లోనే కలుపుకుంటున్నాం. అయిదోది ఆత్మనిక్షేపం, అంటే తనను తాను ఆయనకు అప్పగించేయడం. మనం అప్పగించేది దిగులును మాత్రమే, యాజమాన్య హక్కులు మన దగ్గరే. ఆరోది కార్పణ్యం, నా వల్ల కాదని ఒప్పుకోవడం. ఇది గర్భగుడి ముందు మాత్రమే. తోడల్లుడి ముందు ఒప్పుకునే ప్రసక్తే లేదు.

ఆచార్యుల్లో కూడా రెండు పక్షాలున్నాయి. తల్లిని గట్టిగా కరుచుకుని ఉండే కోతిపిల్లలా భక్తుడు తన వంతు పట్టు పట్టాలని వడగలై వారు. పిల్లి నోట పట్టుకుపోయే కూనలా ఊరికే ఉంటే చాలని తెంగలై వారు. భారమంతా భగవంతుడిదేనన్న ఈ రెండు వర్గాలూ, కంచి వరదరాజస్వామి గుడిలో ఎవరి స్తోత్రపాఠం సాగాలన్న తగవును మాత్రం ఆయనకు వదలకుండా మద్రాసు హైకోర్టుకు వదిలాయి. మనది మూడో పక్షం. తల్లి నోట్లో వేలాడుతూనే "ఎడమవైపు తిరుగు, అటు ట్రాఫిక్ ఉంది" అని దారి చెప్పే కూన.

ఈ పక్షానికి పరీక్షాకాలం మార్చి నెలాఖరు. లాటరీ ఫలితం కుర్రాడికి నేరుగా కనబడదు, కంపెనీ ఖాతాలోనో లాయరు ఖాతాలోనో కనబడుతుంది. అంటే చూడటానికి మన చేతిలో ఏమీ లేదు. ఏ గురువూ కల్పించలేని నిష్కామ స్థితి! అయినా తెల్లవారుజామున మూడింటికి ఇంటాయన మంచం మీద అటు తిరిగి పడుకుని, దుప్పటి కింద ఫోన్ వెలుతురు తగ్గించి, ముక్కూమొహం తెలియనివాళ్ళ టెలిగ్రామ్ గ్రూపులో ఎవరెవరు సెలెక్టయ్యారో వేలితో తోసుకుంటూ చదువుతుంటాడు. ఇటువైపు ఇల్లాలు అదే గ్రూపు చదువుతుంటుంది. పొద్దున్నే కాఫీల దగ్గర ఇద్దరూ "దేవుడి మీద వేశాం కదా, ఇంక ఆలోచించకూడదు" అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు.

పేరు వస్తే, కష్టపడితే సాధించలేనిది లేదని కుర్రాడు లింక్డ్ఇన్‌లో రాస్తాడు. రాకపోతే ఆ 11 ప్రదక్షిణల్లో ఒకటి తగ్గిందేమోనన్న విచారణ మొదలవుతుంది.

గ్రీన్‌కార్డుకు వేరే ముడుపు కట్టాలి, పాత గుడ్డ పనికిరాదు. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటం వల్ల మనవాళ్ళ క్యూ దశాబ్దాల పొడవుంది. కాబట్టి గుడ్డ నేతది తీసుకోండి, సింథటిక్ వద్దు. మూటను అటక మీద కాక పిల్లలకు అందేచోట పెట్టండి. వాళ్ళకు 21 నిండితే సాధారణంగా మీ దరఖాస్తులోంచి బయటికి వచ్చేస్తారు, అప్పుడు వాళ్ళ 11 రూపాయలు వాళ్ళే కట్టుకోవాలి.