పిల్లలకు పుస్తకమంటే పడకుండా చేయడం: తల్లిదండ్రులకు శాస్త్రీయ సూచనలు

పుస్తకం కనబడగానే పిల్లవాడి మొహం మాడిపోవాలని తల్లిదండ్రులు ఎంతో పాటుపడుతున్నారు. సంకల్పంలో లోపం లేదు, పద్ధతిలోనే ఉంది. తిట్టి తిట్టి వీళ్ల గొంతు పోతుంది, వాడు మాత్రం మంచం కింద దూరి కథల పుస్తకం చదువుతూ దొరుకుతాడు. ఇంత కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంటే చూస్తూ ఊరుకోలేక ఈ నాలుగు మాటలు.

ముందు మూలసూత్రం. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్‌కు 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. కుక్క లాలాజల నాళాన్ని ఆపరేషన్ చేసి చెంప బయటికి తెచ్చి, రాలే చుక్కలు లెక్కపెట్టించేవాడు. తిండి పెడితే నోరూరడం ఏ కుక్కకూ నేర్పక్కర్లేదు. అందుకే తిండి నిర్నిబంధిత ఉద్దీపన, అంటే నేర్పకుండానే స్పందన రప్పించేది. సంగీతంలో తాళం కొలిచే మెట్రోనోమ్ టిక్కుటిక్కుకు ఏ కుక్కకూ నోరూరదు. కానీ ఆ చప్పుడు వినిపించి, వెంటనే తిండి పెట్టడం పదేపదే చేస్తే చివరికి ఉత్త చప్పుడుకే చుక్కలు రాలతాయి. చప్పుడు నిబంధిత ఉద్దీపన అయింది. ఇలా జతకట్టి నేర్పడమే నిబంధనం. మనింట్లో చప్పుడు బదులు పుస్తకం, తిండి బదులు కేక. కేకలకు ఏ ఇంట్లోనూ కొరత లేదు కనుక సామగ్రి సిద్ధంగా ఉన్నట్టే.

చాలామంది బోల్తాపడేది వరుస దగ్గర. ముందు అరగంట చీవాట్లు పెట్టి, అలిసిపోయాక "పో, పోయి పుస్తకం తియ్" అంటారు. సర్వనాశనం! తిట్లు ఆగే క్షణంలో పుస్తకం వస్తే, గండం గడిచిందని చెప్పే గుర్తుగా మారే ప్రమాదం ఉంది. వాడు దాన్ని గుండెలకు హత్తుకున్నా ఆశ్చర్యం లేదు. సరైన వరుస ఇది: వాడు పుస్తకం తెరవాలి, రెండు మూడు సెకన్లలో "అదేం చదవడంరా, నోరు పెగలదా?" అని వినబడాలి. మధ్యాహ్నం చదివినదానికి రాత్రి తిడితే లాభం లేదు. తిన్నది గంటల తర్వాత కడుపులో తిప్పినా ఆ రుచి మీద ఏవగింపు పుడుతుందని 1966లో గార్సియా బృందం ఎలుకల్లో చూపింది నిజమే. కానీ ఆ వెసులుబాటు రుచికీ వికారానికీ ఉన్న ప్రత్యేక సంబంధం వల్ల వచ్చింది. తిట్లకు అంత ఓపిక లేదు.

ఇక అసలు జబ్బు, అతి. అన్నం దగ్గర, స్నానం దగ్గర, చెప్పులు విప్పే దగ్గర కూడా తిట్టే ఇళ్లలో పుస్తకం మీద భయం పుట్టదు. శబ్దం ఉన్నా లేకపోయినా షాక్ తగిలే అవకాశం ఒక్కలాగే ఉంటే ఎలుకలు ఆ శబ్దానికి భయపడవని రెస్కోర్లా 1968లో తేల్చాడు. లెక్క సూటిగా ఉంది: పుస్తకం వల్ల కొత్త కబురేమీ తెలియకపోతే దాన్ని పట్టించుకోవడం దేనికి? దీనికి తోడు కామిన్ చూపిన అడ్డగింత ఒకటి. నాన్నగారి అడుగుల చప్పుడే రాబోయే తిట్లను పూర్తిగా చెప్పేస్తుంటే, ఆ చప్పుడుకు పుస్తకాన్ని జతచేసినా పుస్తకానికి దక్కేది దాదాపు సున్నా. భయమంతా నాన్నగారి ఖాతాలో పడుతుంది, పుస్తకం నిర్దోషిగా బయటపడుతుంది. కనుక మిగతా వేళల్లో దయచేసి ప్రేమగా ఉండండి. కష్టమే, కానీ శాస్త్రం అడుగుతోంది.

ఆలస్యం కూడా పనికిరాదు. ఏ మంచీ చెడూ జరక్కుండా ముందే బాగా పరిచయమైపోయిన వస్తువు ఆ తర్వాత నిబంధనానికి తొందరగా లొంగదు. 1959లో లుబో, మూర్ గొర్రెల మీదా మేకల మీదా చూసిన సంగతే ఇది. పుస్తకాలు ఇంట్లో ఊరికే పడి ఉండి, పిల్లవాడు వాటితో ఏళ్ల తరబడి ఆడుకున్నాడంటే మీ పని రెట్టింపు. అలమారాకు తాళం వేసి ఉంచండి.

ఒకసారి పట్టుబడిందంటే ఫలితం పుస్తకంతో ఆగదు. 1920లో వాట్సన్, రేనర్ పదకొండు నెలల ఆల్బర్ట్ తెల్ల ఎలుకను ముట్టుకోబోతుంటే వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. ఏడుసార్లు జతచేస్తే చాలింది. కుందేలును, కుక్కను, బొచ్చుకోటును చూసినా ఏడ్చాడు. మీవాడికీ పుస్తకం నుంచి బల్లకు, బల్ల నుంచి బడికి భయం పాకుతుంది. దీన్నే సామాన్యీకరణం అంటారు, ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు.

సెలవుల్లో తిట్లు లేకుండా పుస్తకం తిరగేస్తే భయం తగ్గినట్టు కనిపిస్తుంది. కంగారుపడకండి. ఇలా భయం తగ్గడాన్ని విలుప్తీకరణం అంటారు. అందులో పాత పాఠం చెరిగిపోదు, దాని మీద కొత్త పాఠం పరుచుకుంటుందంతే. కొన్నాళ్లు పోతే పాత భయం దానంతటదే మళ్లీ తలెత్తుతుంది. అదే అయత్నసిద్ధ స్వాస్థ్యం. లైబ్రరీలో పోయిన భయం ఇంట్లో పాత బల్ల ముందు కూర్చోగానే మళ్లీ రావచ్చు.

మీరు నిజంగా భయపడాల్సింది అమ్మమ్మకు. 1924లో మేరీ కవర్ జోన్స్ కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పిల్లవాణ్ణి ఇష్టమైనది తింటూ కూర్చోబెట్టి, కుందేలును రోజూ కొంచెం కొంచెంగా దగ్గరికి జరిపించింది. చివరికి వాడే దాన్ని నిమిరాడు. అమ్మమ్మా అంతే: ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది, తినడానికేదో చేతిలో పెడుతుంది, పుస్తకాన్ని గది చివర నుంచి మెల్లగా జరుపుతుంది, ఒక్క ప్రశ్నా అడగదు. ఈ పద్ధతికి ఒక్కటే బలహీనత, తొందర. భయం తగ్గకముందే పుస్తకాన్ని మొహం మీదికి తెస్తే ఆ భయం తిండికి అంటుకోవచ్చు. కాబట్టి ఆవిడ పక్కనే నిలబడి "ఇంకా ఎంతసేపమ్మా, త్వరగా కానివ్వు" అంటూ ఉండండి.