సవరణ: క్లచ్ తొక్కితే ఆగిపోయే శబ్దం

పాత వ్యాన్ గేర్‌బాక్స్ శబ్దాల మీద మొన్న రాసినదాంట్లో ఒక ముక్క తిరగబడింది. బండి న్యూట్రల్‌లో ఉండగా గర్రుమంటూ, క్లచ్ తొక్కగానే ఆగిపోతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసే బేరింగ్) పోయినట్టేనని రాశాను. అది తప్పు. దాన్నీ, ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ తిప్పే శక్తిని గేర్‌బాక్స్‌లోకి తెచ్చే కడ్డీ) బేరింగ్‌నీ తారుమారు చేశాను.

క్లచ్ మీద కాలు లేనప్పుడు, న్యూట్రల్‌లో ఉన్నా సరే, ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంజిన్‌తో పాటు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే షాఫ్ట్ ఆగుతుంది, దాంతో శబ్దమూ ఆగుతుంది. కాబట్టి అక్కడ ముందు అనుమానించాల్సింది ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ని. తొక్కినప్పుడే కీచుమంటే రిలీజ్ బేరింగ్. చాలా ఏళ్లుగా ఈ పనే చేస్తున్న మెకానిక్ ఒకాయన నా తప్పు పట్టుకున్నాడు. సర్వీస్ మాన్యువల్‌లోనూ చూసుకున్నాను.

రెండింటికీ గేర్‌బాక్స్ దించక తప్పదు. కాకపోతే రిలీజ్ బేరింగ్ దించగానే చేతికందుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌కి సాధారణంగా గేర్‌బాక్సే విప్పాలి, అసలు ఖర్చంతా అక్కడే. నా మాట నమ్మి రిలీజ్ బేరింగ్ ఒక్కటే మార్పిస్తే, బిగించాక అదే గర్రు.

రివర్స్ పడేటప్పుడు కిర్రుమంటే ముందు క్లచ్ కేబుల్ లూజు చూడమన్నాను కదా, అందులో మార్పేమీ లేదు.