కాగితం ఉన్నవారికి కాదు, లేనివారికే రక్షణ

విదేశీ గూఢచర్య నిఘా చట్టాన్ని (ఫీసా) సవరించే చట్టాన్ని అమెరికా సెనేట్ 2008 జులై 9న 69-28 ఓట్లతో ఆమోదించింది. మర్నాడే అధ్యక్షుడు జార్జి బుష్ సంతకం చేశారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కోర్టు వారంటు లేకుండానే ఖాతాదారుల సంభాషణలను ప్రభుత్వ నిఘాకు అప్పగించాయన్న ఆరోపణపై ఏటీ అండ్ టీ తదితర టెలిఫోన్ కంపెనీల మీద పడిన దావాలన్నీ, ఈ చట్టం ఆ కంపెనీలకిచ్చిన మాఫీతో వీగిపోయాయి. దేశం ఆపదలో ఉన్నప్పుడు ప్రభుత్వం అడిగితే సాయపడిన సంస్థలను కోర్టుకు ఈడ్వడం అన్యాయమన్నది దీన్ని సమర్థించినవారి మాట. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ చట్టప్రకారం సాయపడిన కంపెనీకి ఆ రక్షణ 1978 నుంచే ఉంది.

1975లో సెనేట్ విచారణ సంఘం ఒక పాత బాగోతాన్ని బయటపెట్టింది. మూడు టెలిగ్రాఫ్ కంపెనీలు దాదాపు ముప్పయ్యేళ్లపాటు, విదేశాలకు వెళ్లే, అక్కడి నుంచి వచ్చే తంతి సందేశాలను గూఢచర్య సంస్థలకు గుట్టుగా అందిస్తూ వచ్చాయి. అందుకే 1978లో ఫీసా చట్టం తెచ్చినప్పుడు కంపెనీనే గుమ్మం దగ్గర కాపలా పెట్టారు. కోర్టు ఉత్తర్వు గానీ, వారంటు అక్కర్లేదంటూ అటార్నీ జనరల్ (న్యాయశాఖ అధిపతి) రాసిచ్చిన ధ్రువపత్రం గానీ చూపితే కంపెనీ సహకరించవచ్చు, దాని మీద దావా నిలవదు. రెండూ లేకుండా సహకరిస్తే నష్టపరిహారం కట్టుకోవాలి. (నకిలీ ఉత్తర్వును సరిచూసుకోకుండా ఫోన్ ట్యాప్ చేసిన కంపెనీని 2011లో అమర్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు తప్పుపట్టిందీ ఈ తర్కంతోనే.) కాబట్టి సరైన కాగితం చేతిలో ఉన్న కంపెనీకి 2008 నాటి మాఫీతో పనేమీ లేదు. అది లేని కంపెనీకే దాని అవసరం పడింది.

ఆ కంపెనీల చేతిలో ఉన్నదేమిటో సెనేట్ ఇంటెలిజెన్స్ సంఘం 2007 అక్టోబరు నివేదికలో కొంత చెప్పింది. అధ్యక్షుడు అనుమతించారని, ఇది చట్టబద్ధమని అటార్నీ జనరల్ నిర్ధారించారని చెప్పే లేఖలు కంపెనీలకు వెళ్తూ ఉండేవి. అయితే అరవై రోజులలోపు కాలానికి సంబంధించిన ఒక లేఖలో మాత్రం ఆ నిర్ధారణ చేసింది అటార్నీ జనరల్ కాదు, అధ్యక్షుడి న్యాయ సలహాదారు. 2004 మార్చిలో అటార్నీ జనరల్ జాన్ యాష్‌క్రాఫ్ట్ ఆసుపత్రిలో ఉండగా, ఆయన స్థానంలో ఉన్న జేమ్స్ కోమీ ఈ నిఘా కార్యక్రమం పొడిగింపునకు ఆమోదం తెలపడానికి నిరాకరించిన సంగతి తర్వాత లోకానికి తెలిసింది. న్యాయశాఖ కాదన్న పనికి శ్వేతసౌధమే సొంతంగా సరే అని రాసిచ్చుకుందన్నమాట. 2008 చట్టం పదాల పొందిక చూస్తే ఇది గుర్తుకురాక మానదు: కార్యక్రమం ‘చట్టబద్ధమని నిర్ధారణ అయింది’ అని లేఖలో ఉంటే చాలునన్నారే తప్ప, ఎవరు నిర్ధారించాలో చెప్పలేదు. కోర్టు ముందున్న ప్రశ్నే మారిపోయింది. జరిగింది చట్టబద్ధమా అని కాక, చట్టబద్ధమని చెప్పే చీటీ అందిందా అని చూడటమే న్యాయమూర్తి పనిగా మిగిలింది.

అంతకుముందు కేసు ఇలా లేదు. ఏటీ అండ్ టీలో టెక్నీషియన్‌గా పనిచేసిన మార్క్ క్లైన్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని సంస్థ భవనంలో 641ఏ అనే గదిని గురించి పత్రాలతో సహా బయటపెట్టారు. ఫైబర్ తీగల్లో వెళ్లే ఇంటర్నెట్ రాకపోకలను చీల్చి, ఒక నకలు ఆ గదిలోకి పంపేవారని ఆయన చెప్పారు. ఆరోపించిన స్థాయిలో దేశీయ నిఘా జరిగి ఉంటే, అది చట్టబద్ధమని వివేకం గల ఏ సంస్థా నమ్మి ఉండదని జడ్జి వాన్ వాకర్ 2006 జులైలో అంటూ, ఏటీ అండ్ టీపై ఖాతాదారులు వేసిన హెప్టింగ్ దావాను కొట్టివేయడానికి నిరాకరించారు. అదే జడ్జి కొత్త చట్టానికి కట్టుబడి, 2009 జూన్‌లో ఆ దావాతోపాటు అలాంటి మిగతావాటినీ కొట్టివేయాల్సి వచ్చింది. మాఫీ ఉన్న బిల్లును అడ్డుకుంటానని ముందు మాటిచ్చిన బరాక్ ఒబామా, అధ్యక్ష ఎన్నికల ఏడాదిలో దానికి అనుకూలంగా ఓటు వేశారన్నది ఇక్కడ చెప్పుకోక తప్పని మాట.

కంపెనీలను వదిలేసి ప్రభుత్వం మీదే దావా వేసుకోవచ్చు కదా అని మాఫీని సమర్థించినవారు అప్పట్లో నచ్చజెప్పారు. అల్ హరమైన్ అనే ముస్లిం ధార్మిక సంస్థ వేసిన దావాలో నిఘా చట్టవిరుద్ధమని 2010లో వాకరే తీర్పిస్తే, ఫీసా కింద ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా చెల్లదంటూ 2012లో అప్పీలు కోర్టు కొట్టేసింది. 641ఏ గది మీదే జాతీయ భద్రతా సంస్థ (ఎన్‌ఎస్‌ఏ)పై 2008 సెప్టెంబరులో వేసిన జ్యూయల్ కేసు ఇంకా పద్నాలుగేళ్లు నడిచింది. ప్రభుత్వ రహస్యాలు బయటపెట్టకుండా తమ సందేశాలు నిఘాలో పడ్డాయని వాదులు నిరూపించలేరని కోర్టు అంది. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించడంతో, ఆ గదిలో జరిగిన పని చట్టబద్ధమో కాదో తేలకుండానే కేసు ముగిసింది.