లేజర్ చేయిస్తే చుక్కలు మానేయొచ్చా? ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

ఫ్యామిలీ గ్రూపుల్లో మళ్లీ అదే మెసేజ్: "గ్లకోమాకి ఒక్క లేజర్ చాలు, జీవితాంతం చుక్కల మందు అక్కర్లేదు, పోయిన చూపు తిరిగొస్తుంది, మందులు అమ్ముకోవడానికే డాక్టర్లు దాస్తున్నారు." కాస్త నిజం కలిసింది కాబట్టే దీంతో భయం. ఇది చదివి చుక్కలు మానేసేవాళ్లుంటారు.

పోయిన చూపు రాదు. గ్లకోమాలో, అదే మనం నీటికాసులు అనేదాంట్లో, దెబ్బతినేది కంటి నరం. లేజర్ దాని జోలికే పోదు. కంట్లో నీరు బయటికి పోయే జల్లెడలాంటి దారి మీద పనిచేసి కంటి లోపలి ప్రెషర్ తగ్గిస్తుంది, అంతే.

ఇక "ఒక్కసారి చాలు" అన్నది. ఎస్ఎల్‌టీ అనే ఈ లేజర్‌నీ చుక్కలనీ పోలుస్తూ బ్రిటన్‌లో 718 మంది మీద చేసిన అధ్యయనం తొలి ఫలితాలు 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. లేజర్‌తో మొదలుపెట్టినవాళ్లలో మూడేళ్లకి 74 శాతం, ఆరేళ్లకి 70 శాతం దాకా చుక్కల్లేకుండానే ప్రెషర్ అదుపులో ఉంది. మంచి ఫలితమే, కాదనను. కానీ అందులో కొందరికి రెండోసారి లేజర్ చేశారు, ప్రెషర్ అదుపులోకి రానివాళ్లకి చుక్కలు తప్పలేదు. పైగా అధ్యయనంలో ఉన్నవాళ్లంతా అంతకుముందు ఏ చికిత్సా తీసుకోనివాళ్లు, ఇప్పటికే మూడు రకాల చుక్కలు వేసుకుంటున్న మీ మావయ్యకి ఆ లెక్క అతికించకండి.

దాస్తున్నారా? బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2022లో చాలామంది కొత్త పేషెంట్లకి ముందు లేజరే ఇవ్వమని చెప్పింది. భలే దాచారు!

"మా పిన్నికి చేశారు, చుక్కలే లేవు" అనేవాళ్లు ఏ లేజరో కనుక్కోండి. కంట్లో నీరు బయటికి పోయే కోణం ఇరుకైనవాళ్లకి ఐరిస్‌లో, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరలో, చిన్న రంధ్రం పెట్టేది వేరు. శుక్లాల ఆపరేషన్ తర్వాత లెన్స్ వెనక మసకబారిన పొరలో దారి తెరిచేది ఇంకోటి, అది గ్లకోమా చికిత్సే కాదు.

ఎస్ఎల్‌టీ అయితే తిమ్మిరి చుక్క వేసి, గడ్డం స్టాండ్ మీద పెట్టించి, కంటికి లెన్స్ ఆనించి ఐదు నిమిషాల్లో ముగిస్తారు. కొందరికి వెంటనే ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి గంట ఆగి చూస్తారు. పూర్తి ప్రభావం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా పాత చుక్కలు ఆపాలా వద్దా అన్నది చెప్పాల్సింది ప్రెషర్ కొలిచిన డాక్టరు.